లంగ్కావి ద్వీపంలో ఒక ఉంగరం

ఒక వ్యక్తి హజ్రత్ ఉమర్ (రజి) సమక్షంలో మరొకరి గురించి, అతను చాలా మంచివాడని సాక్ష్యం పలికాడట. నువ్వు అతని పొరుగింట్లో ఉన్నావా అని ఆయన అడిగారు. లేదన్నాడు. పోనీ, అతనితో ప్రయాణం చేశావా? లేదన్నాడు. డబ్బు దగ్గర లావాదేవీ ఏదైనా నడిపావా? అదీ లేదన్నాడు. అలాగైతే అతను మసీదులో వంగుతూ లేస్తూ ఉండగా చూశావేమో గాని, అతను నీకు తెలియడు అని ఆయన తేల్చి చెప్పారట.

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఉదంతాన్ని పిల్లలకు పాఠంగా చెబుతున్నాం. ఇతరులను తూచడానికి దీన్నొక త్రాసుగా వాడుకున్నామే తప్ప, ఆ త్రాసులో మేమూ ఒకరోజు కూర్చోవలసి వస్తుందని అనుకోలేదు. లంగ్కావి అనే చిన్న ద్వీపంలో అద్దె కారులో తిరిగిన మూడు రోజుల్లో ఆ అవసరం వచ్చింది. ప్రయాణమూ, డబ్బు లావాదేవీ రెండూ అందులో ఉన్నాయి మరి.

మా అమ్మాయి, అల్లుడు మలేషియాలోని పినాంగ్‌లో ఉంటున్నారు. అల్లుడికి అక్కడి ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. బడి సెలవుల్లో మేము, మా శ్రీమతి వాళ్ళను చూడటానికి వెళ్ళాం. వారం గడిచాక అల్లుడు, "మామూ, మూడు రోజులు లంగ్కావి వెళ్ళొద్దాం, మీకు కాస్త మార్పుగా ఉంటుంది" అన్నాడు. ఒక గురువారం ఉదయం కువాలా కెడా రేవులో లాంచీ ఎక్కాం. రెండు గంటలు తిరగకుండానే కువా పట్టణం రేవులో దిగాం.

తొంభై తొమ్మిది ద్వీపాల దేశం

లంగ్కావి అంటే ఒక్క ద్వీపం కాదు. అండమాన్ సముద్రంలో, మలేషియాకు వాయవ్యాన, థాయిలాండ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న 99 ద్వీపాల గుంపు. కెడా రాష్ట్రంలో భాగం. జనం ప్రధానంగా ఉండేది పెద్ద ద్వీపంలోనే. మలయ్ భాషలో 'హెలాంగ్' అంటే గద్ద, 'కావి' అంటే ఎర్రమట్టి రంగు. ఈ రెండూ కలిసి ద్వీపానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. రేవు పక్కనే రెక్కలు విప్పిన ఎర్రగద్ద విగ్రహం 12 మీటర్ల ఎత్తున నిలబడి, వచ్చేవారిని పలకరిస్తుంది. 1987లో ప్రభుత్వం ఈ ద్వీపానికి సుంకాల నుంచి మినహాయింపు ఇచ్చింది. అప్పటి నుంచి వరి, చేపలు, రబ్బరు మీద బతికిన పల్లెలకు యాత్రికులు తోడయ్యారు. 2007లో యునెస్కో దీన్ని జియోపార్కుగా గుర్తించింది. ఆగ్నేయాసియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి ప్రాంతం ఇదే.

ఇక్కడ బస్సులను నమ్ముకుంటే ద్వీపం చూడలేం. అందుకే రేవులోనే అద్దె కార్ల కౌంటర్లు బారులు తీరి ఉంటాయి. ద్వీపంలో ఏ మూల నుంచి ఏ మూలకైనా కారులో గంట ప్రయాణం. రోడ్లు చక్కనివి. మన దేశంలో లాగే ఎడమ పక్కనే నడపాలి. మా అల్లుడికి అక్కడి లైసెన్సు ఉంది.

ఒక మలయ్ కుర్రవాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళుంటాయి, మాకు ఒక చిన్న కారు చూపించాడు. పాతదే అయినా శుభ్రంగా ఉంది. మూడు రోజుల అద్దె, దానిపైన తిరిగి ఇచ్చే ధరావతు నగదుగా తీసుకున్నాడు. పెట్రోలు ముల్లు ఎక్కడుందో కాగితం మీద గీసి, తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడే ఉండాలన్నాడు. మమ్మల్ని 'పాక్ చిక్' అని పిలిచాడు. బాబాయి అన్నట్టు. మా అల్లుడు కారు చుట్టూ తిరిగి ప్రతి గీతనూ, ప్రతి సొట్టనూ సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాడు. "ఇలాంటి చోట్ల పాత గీతలు మన నెత్తిన రుద్ది ధరావతు మింగేస్తారు మామూ" అని తెలుగులో అన్నాడు. కుర్రవాడు నవ్వుతూ చూస్తున్నాడు. మేమూ తల ఊపాం.

ఫోటోలు తీయడంలో తప్పేమీ లేదు. ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్, బఖర సూరాలోని 282వది, అప్పు లావాదేవీని వ్రాసుకోమనీ, సాక్షుల్ని పెట్టుకోమనీ ఆదేశిస్తుంది. వ్రాసుకోవడం ఇద్దరికీ రక్ష. మేము తల ఊపింది మాత్రం ఫోటోలకు కాదు, ఆ మాటకు. ఆ తేడా అప్పుడు మాకు తట్టలేదు.

అక్షరాలు మనవి, మాటలు వాళ్ళవి

కువా నుంచి ఉత్తరంగా సాగాం. రోడ్డుకు ఒక పక్క వరిమళ్ళు, నీళ్ళలో గేదెలు, కొబ్బరిచెట్ల మధ్య స్తంభాల మీద లేపిన కొయ్య ఇళ్ళు. కోనసీమ చూసినవారికి కొత్తగా అనిపించదు. మలుపు తిరిగితే ఆవులు రోడ్డు మధ్యలో తీరుబడిగా నిలబడి ఉంటాయి. ఇంకో మలుపులో కోతుల గుంపు. అద్దం దించి అరటిపండు చూపిస్తే ఇక అంతే సంగతులని అల్లుడు ముందే హెచ్చరించాడు.

కెడా రాష్ట్రంలో పేరు పలకల మీద మలయ్ మాటల్ని రోమన్ అక్షరాలతో పాటు 'జావి' లిపిలో కూడా రాస్తారు. జావి అంటే అరబ్బీ అక్షరాలే. ఉర్దూ చదివిన కళ్ళకు అవి ఇట్టే చదవబడతాయి, అర్థం మాత్రం కాదు. అయినా మధ్యమధ్య మన చుట్టాలు కనబడతారు. కుర్చీని 'కెరుసి' అంటారు, మన కుర్సీయే. లోకం 'దునియా'. వేళ 'వక్తు'. గురువారం 'ఖమిస్', శుక్రవారం 'జుమాత్'. కెడాలో వారాంతపు సెలవు కూడా ఆదివారం కాదు. శుక్ర, శనివారాలు.

ఉత్తరపు కొసన తంజుంగ్ రూ అనే సముద్రతీరం ఉంది. సర్వి చెట్లు, తెల్లని ఇసుక, ఎదురుగా నీళ్ళలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి గుట్టలు. అక్కడే అస్ర్ వేళయింది. మా శ్రీమతి వుజూ కోసం వేలి ఉంగరం తీసి, చిన్న గుడ్డసంచిలో వేసింది. చెట్ల కింద జానమాజ్ పరిచి ఇద్దరం ప్రయాణికుల నమాజు, రెండు రకాతులు, చదువుకున్నాం. తర్వాత పశ్చిమంగా తిరిగి నల్ల ఇసుక తీరం చూశాం. ఖనిజాల వల్ల అక్కడ ఇసుకలో నల్లని చారలుంటాయి. మగ్రిబ్ వేళకు చెనాంగ్ తీరంలోని లాడ్జికి చేరాం.

ప్రయాణంలో నమాజుకు ఇంత వెసులుబాటు ఇంకెక్కడా చూడలేదు. పెట్రోలు బంకుల్లో కూడా 'సురావ్' అనే చిన్న నమాజు గది ఉంటుంది. స్త్రీలకు వేరుగా చోటు, తొడుక్కోవడానికి ఉతికిన తెల్లని 'తెలెకుంగ్'లు ఉంటాయి. లాడ్జి గది పైకప్పుకు ఖిబ్లా బాణం గుర్తు, సొరుగులో జానమాజ్ ఉన్నాయి. దాంతో మేము తెచ్చుకున్న జానమాజ్ మళ్ళీ విప్పే పని పడలేదు. అదలా చుట్టి కారు వెనక సీటు మీదే ఉండిపోయింది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మేము మాత్రం గుర్తుంచుకోలేదు.

పోయిన సంచి

శుక్రవారం ఫజ్ర్ నమాజు పక్కనున్న సురావ్‌లో చదివాం. అక్కడివారు షాఫయీలు. రెండో రకాతులో రుకూ తర్వాత ఇమామ్ చేతులెత్తి ఖునూత్ దుఆ చదివారు. హనఫీలమైన మేము మౌనంగా నిలబడ్డాం. బయటికి వచ్చి చూస్తే కారు టైరు ఒకటి గాలి లేక కూలబడి ఉంది. ఫోను చేస్తే ఆ కుర్రవాడు అరగంటలో మోటారు సైకిలు మీద వచ్చాడు. మేము లోపల టిఫిను తింటుండగానే డిక్కీలోని సామాను దించి, స్పేరు చక్రం బిగించి, సామాను తిరిగి సర్ది, పంక్చరైన చక్రాన్ని తన బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. అదనంగా పైసా అడగలేదు.

తర్వాత మాట్ చించాంగ్ కొండకు వెళ్ళాం. ఆ కొండ రాళ్ళు 50 కోట్ల ఏళ్ళకు పైబడినవి. మలేషియాలోని అతి పురాతన శిలల్లో ఒకటి. తీగ మీద నడిచే డబ్బాలో పైకి చేరితే, రెండు శిఖరాల నడుమ ఒకే స్తంభానికి వేలాడదీసిన వంపు వంతెన ఉంది. పొడవు 125 మీటర్లు. 2005లో తెరిచారు. దాని మీద నిలబడితే ద్వీపాలు నీళ్ళలో చల్లిన గింజల్లా కనిపిస్తాయి. ఆ దృశ్యం చూస్తూ చూస్తూ మా శ్రీమతి తన వేలి వంక చూసుకుంది. ఉంగరం లేదు. చేతి సంచి వెతికితే గుడ్డసంచీ లేదు.

అది వాళ్ళ అమ్మ వేలి ఉంగరం. నికాహ్ నాడు ఆవిడ తీసి కూతురి వేలికి తొడిగింది. బంగారం అర తులం మాత్రమే. కానీ ఆ చెయ్యి ఇప్పుడు లేదు గదా.

కిందికి దిగి కారంతా వెతికాం. డిక్కీలో లేదు. సీట్ల కింద లేదు. అప్పుడు మొదట మాట్లాడింది అల్లుడు కాదు, అమ్మాయి కాదు. మేమే. "పొద్దున డిక్కీ తెరిచింది ఎవరు? ఆ కుర్రవాడే కదా. ఊరికే వచ్చి చక్రం మార్చిపోయాడంటే అప్పుడే అనుకోవలసింది" అన్నాం. చేసిన ఉపకారమే మా నోట నేరారోపణ అయింది. మా మాట విని అల్లుడు ఫోను తీశాడు. డిక్కీ విప్పింది నువ్వే, అందులోని చిన్న సంచి ఏమైందని గట్టిగానే అడిగాడు. అవతల కాసేపు మౌనం. తను చూడలేదనీ, దుకాణంలో వెతికి చెబుతాననీ అన్నాడు.

ప్రయాణికుడికి జుమా విధి కాకపోయినా, దారిలోని ఒక మసీదులో ఆగి చదివాం. ఖుత్బా మలయ్ భాషలో సాగింది. బయటికి రాగానే ఫోను మోగింది. పంక్చరైన చక్రం, పనిముట్ల సంచి, దుకాణం అన్నీ వెతికాననీ, ఏమీ దొరకలేదనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పాడు. ఫోను పెట్టగానే మేము, "ఏమీ ఎరగనివాడికి ఇంత ఆదుర్దా ఎందుకు?" అన్నాం. అతను మాట్లాడకపోతే నేరం, మాట్లాడితే ఇంకా పెద్ద నేరం. అనుమానం పట్టినవాడి న్యాయస్థానం ఇలాగే ఉంటుంది.

మహ్సూరి సమాధి దగ్గర

లంగ్కావి వచ్చినవారు తప్పక చూసే చోటు మహ్సూరి అనే స్త్రీ సమాధి. మవాత్ అనే పల్లెలో ఉంది. తెల్లని పాలరాతి సమాధి, పక్కన బావి, కొయ్య ఇల్లు. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం, 1819లో, ఆమె మరణించిందని అక్కడి వారు చెప్పుకుంటారు. భర్త యుద్ధానికి వెళ్ళాడు. ఊరికి వచ్చిన ఒక దేశదిమ్మరి గాయకుడికి ఆమె ఆశ్రయమిచ్చింది. ఆమె అందచందాలు, మంచిపేరు చూసి ఓర్వలేని ఊరి పెద్ద భార్య వ్యభిచారం అంటగట్టింది. విచారణ లేదు. సాక్షులు లేరు. చెట్టుకు కట్టి పొడిచి చంపారు. ఆమె ఒంటి నుంచి తెల్లని రక్తం కారిందనీ, ఏడు తరాలు ఈ ద్వీపం బాగుపడదని ఆమె శపించిందనీ కథ. 1821లో సయాం సేనలు కెడా మీద పడ్డాయి. శత్రువుకు దక్కకూడదని పాడాంగ్ మత్సిరాత్ పల్లెవాసులు తమ బియ్యాన్ని తామే కాల్చేశారంటారు. వాన వెలిశాక కాలిన గింజలు ఇప్పటికీ మట్టిలోంచి తేలతాయని అక్కడ ఒక స్థలం చూపిస్తారు. జనం దాన్ని శాపఫలమే అన్నారు.

తర్వాతి రోజుల్లో 1957లో మలయాకు తొలి ప్రధాని అయిన తుంకు అబ్దుల్ రహ్మాన్, 1930 దశకంలో లంగ్కావిలో జిల్లా అధికారిగా ఉన్నప్పుడు, నిర్లక్ష్యంగా పడి ఉన్న ఈ సమాధిని వెతికించి బాగుచేయించారు. ఆమె ఏడవ తరం వారసురాలు అని చెప్పిన ఒక బాలిక 2000 సంవత్సరంలో థాయిలాండ్‌లోని ఫుకెట్ నుంచి వచ్చినప్పుడు ద్వీపమంతా కదిలి స్వాగతం పలికింది. తెల్లని రక్తం, శాపం సంగతి అల్లాహ్‌కే ఎరుక. జానపద గాథను ధర్మశాస్త్రంగా తీసుకోనక్కరలేదు. సాక్షి లేని మాటకు ఒక స్త్రీ ప్రాణం పోయిందన్న ముక్క చాలు, మనం తలవంచుకోవడానికి.

మాతో వచ్చిన అమ్మాయి ఒక మలయ్ మహిళను, ఈమె ఎందువల్ల చనిపోయిందని అడిగింది. ఆమె ఒక్క మాట అంది: 'ఫిత్నా'.

మేము ఉలిక్కిపడ్డాం. ఉర్దూలో ఫిత్నా అంటే కల్లోలం, పరీక్ష. మలయ్ భాషలో ఆ మాటకు అర్థం అపవాదు. లేనిది కల్పించి ఒకరి మీద వేయడం. మేము బుహ్తాన్ అనేదాన్ని వాళ్ళు ఫిత్నా అంటారు. ఆలోచిస్తే వాళ్ళ వాడుక తప్పు కాదు. నింద వేసినచోట కల్లోలం పుట్టక మానదు.

నూర్ సూరా నాలుగో ఆయత్ బోధించేటప్పుడు మేము గొంతు పెంచి చెబుతాం. శీలవతి మీద నింద వేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలనీ, వాడి సాక్ష్యం మళ్ళీ స్వీకరించరాదనీ అందులో ఉంది. ఆ సూరా అవతరణకు నేపథ్యమూ చెబుతాం. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం పోయింది. దాన్ని వెతుకుతూ ఆమె వెనకబడ్డారు. ఆ కాస్త ఆలస్యాన్ని పట్టుకుని కపటులు నింద పుట్టించారు. నెల రోజులు ఆమె కన్నీరు ఆగలేదు. చివరికి అల్లాహ్‌యే ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాడు. ప్రయాణం, పోయిన నగ, ఆధారం లేని మాట. మూడూ ఆ ఉదయం మా ముందే ఉన్నాయి. అయినా ఆ పాఠం మాకు గుర్తు రాలేదు. దొంగతనపు నింద, శీలం మీద నింద ఒక్కటి కావు, నిజమే. కానీ రెండింటికీ మూలం హుజురాత్ సూరా వారించిన ఆ దురనుమానమే.

జానమాజ్ మడతలో

అక్కడి నుంచి గునుంగ్ రాయా కొండ ఎక్కాం. 881 మీటర్లు. ద్వీపంలో ఇదే ఎత్తయిన కొండ. పైదాకా తారు రోడ్డుంది. దట్టమైన అడవి, పాములా మెలికలు తిరిగిన దారి. ఎదురుగా వచ్చిన వ్యానుకు దారి ఇవ్వబోతే ఎడమ తలుపుకు కొమ్మ ఒకటి గీసుకుంది. పైన అస్ర్ చదవడానికి చోటు చూసుకుని, మా శ్రీమతి వెనక సీటు మీది జానమాజ్ తీసి దులిపింది. మడతలోంచి గుడ్డసంచి జారి పడింది.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి నవ్వబోయి మా ముఖం చూసి ఆగిపోయింది. తంజుంగ్ రూ దగ్గర నమాజు అయ్యాక సంచిని జానమాజ్ మీదే మరచి, దాంతో పాటే చుట్టేసిందన్నమాట. ఆ జానమాజ్ మీద నిలబడి నమాజు మొదలుపెట్టడానికి మాకు కాళ్ళు ఆడలేదు.

నమాజు తర్వాత ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, పొద్దుటి నుంచి ఆ కుర్రవాడి గురించి మేము అన్న ప్రతి మాటా తప్పని, ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పాం. ఎవరి ముందు నింద పలికామో వారి ముందే దాన్ని ఖండించాలి. "అబ్బా, అతనికి తెలిస్తే ఇంకా బాధపడతాడేమో. చెప్పకపోతే ఏం?" అంది అమ్మాయి. మంచి ప్రశ్నే. పరోక్షంలో అన్న మాట ఆ మనిషి చెవిన పడకపోతే, చెప్పి నొప్పించకుండా అతని కోసం దుఆ చేయడం, అతని మంచి పదిమందిలో చెప్పడం చాలునని కొందరు ఉలమా అన్నారు. ముఖాముఖి క్షమాపణ అడగాల్సిందేనని మరికొందరు అన్నారు. మా విషయంలో ఆ చర్చకే తావు లేదు. మాట అతని చెవిన పడింది. వేసింది మేమే.

శనివారం పొద్దున పెట్రోలు పోయించి, ముల్లు గీత దగ్గరికి తెచ్చి, కారు అప్పగించాం. అల్లుడు తనంతట తానే ఎడమ తలుపు మీది కొత్త గీత చూపించాడు. కుర్రవాడు గుడ్డతో రుద్ది చూసి, రంగు ఖర్చుకు కొంత పట్టుకుని మిగతా ధరావతు లెక్కపెట్టి ఇచ్చాడు. న్యాయమైన లెక్కే. అప్పుడు మేము మాకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో, సంచి మా దగ్గరే దొరికిందనీ, నిన్న నిన్ను అనుమానించింది మేమేననీ, క్షమించమనీ అడిగాం.

"తాక్ అపా, పాక్ చిక్" అన్నాడు. ఫరవాలేదు అని. డబ్బు సొరుగులో పెడుతూ, ఫోను వచ్చినప్పుడు వాళ్ళమ్మ పక్కనే ఉందనీ, రాత్రి మూడుసార్లు తనని లేపి, నిజం చెప్పమని అడిగిందనీ అన్నాడు. ఫిర్యాదుగా కాదు, మామూలుగానే. అమ్మకు ఇప్పుడే ఫోను చేస్తానన్నాడు. మా ముందే చేశాడు. ఫోను మాకందిస్తే మేము సలాం చెప్పి, అరబ్బీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో తోచినట్టు క్షమించమన్నాం. ఆవిడకు ఎంత అర్థమైందో గాని, సలాముకు బదులు మాత్రం నిండుగా చెప్పింది.

ఈ సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళి అద్దె కారు తీసుకునే కుటుంబాలకు మా మాట ఇది. కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకోండి. పెట్రోలు గుర్తు, ధరావతు రసీదు వ్రాయించుకోండి. స్పేరు చక్రంలో గాలి ఉందో లేదో చూసుకోండి. కొత్త గీత పడితే మీరే చూపించండి. అద్దె వస్తువు అమానత్. ఏదైనా కనబడకపోతే ముందు మీ సంచులు, మీ మడతలు విప్పి చూడండి. అప్పటికీ దొరక్కపోతే అడగవచ్చు. అడగడం వేరు, తీర్పు చెప్పడం వేరు. సాక్షి లేకుండా మన నోట జారే ఒక్క మాట, అర్ధరాత్రి ఎక్కడో ఒక తల్లిని నిద్ర లేపి కొడుకును ప్రశ్నించేలా చేస్తుంది.

దురనుమానం నుంచి, దాన్ని మోసే నాలుక నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక. ఆమీన్.